ఐదో మనిషి

మా ఇంట్లో ఆడేవాళ్ళం ఐదుగురం. నేను, మావారు, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి, మూడో తరగతి పాప, మా అత్తయ్య. బోర్డు గేములు కొనడంలో నేను చేసిన తప్పులన్నిటికీ మూలం ఈ ఐదుగురినీ ఒక్కసారైనా వరసగా తలుచుకోకపోవడమే. ఆటకి పేరుందా అని చూశాను, బహుమతులొచ్చాయా అని చూశాను, పిల్లల బుర్రకి పదునొస్తుందా అని చూశాను. మాలో ఎవరు ముందుగా లేచి వెళ్ళిపోతారన్నది మాత్రం ఆలోచించలేదు. ఇంటిల్లిపాదీ ఆడే ఆట నిలిచేదీ అటకెక్కేదీ ఆ ఒక్క మనిషిని బట్టేనని తెలిసేసరికి చాలా డబ్బు పోయింది, అంతకంటే విలువైన ఆదివారాలు పోయాయి.

మొదట తెచ్చింది మోనోపలీ. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అలాంటిదే అయిన బిజినెస్ ఆటలో బొంబాయి కొన్నవాళ్ళదే రాజ్యం. ఆ మురిపెంతోనే కొన్నాను. మోనోపలీకి మూలం లిజీ మాగీ అనే అమెరికన్ మహిళ 1904లో పేటెంటు తీసుకున్న ల్యాండ్‌లార్డ్స్ గేమ్. స్థలాలున్నవాళ్ళు అద్దెల మీద ఎలా బలుస్తారో, లేనివాళ్ళు ఎలా చితికిపోతారో జనానికి కళ్ళకు కట్టాలని ఆవిడ దాన్ని తయారుచేశారు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మోనోపలీ పేరుతో అమ్మకానికి పెట్టేసరికి ఆ ఉద్దేశం మరుగున పడింది గానీ ఆట తీరు మారలేదు. ఒక్కరు మిగిలేదాకా మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దివాలా తియ్యాల్సిందే. మా ఇంట్లో ముందు దివాలా తీసింది పాప. ఆ తర్వాత కూడా మేం ఆడుతూనే ఉన్నాం. పాప పక్కన కూర్చుని నోట్లు రంగులవారీగా సర్దుతూ ఉంది. పైగా ఆటని సాగదీసింది మేమే. జరిమానాల డబ్బంతా మధ్యలో పోగేసి, ఫ్రీ పార్కింగ్ గడిలో ఆగినవాళ్ళకి ఇచ్చేవాళ్ళం. అసలు నిబంధనల్లో ఆ మాటే లేదు. ఒకరు వద్దనుకున్న స్థలాన్ని అక్కడికక్కడే వేలం వెయ్యాలని మాత్రం ఉంది. అది మేమెప్పుడూ చెయ్యలేదు. ఆ నిబంధనల కాగితం నేను తీరిగ్గా చదివేనాటికి పాపకి ఆ పెట్టె చూస్తేనే విసుగు.

తర్వాత కటాన్. జర్మనీలో కట్టుడు పళ్ళు తయారుచేసే వృత్తిలో ఉన్న క్లౌస్ టోయ్‌బర్ రూపొందించిన ఆట. 1995లో వచ్చింది, ఆ ఏడాదే స్పీల్ డెస్ యారెస్ గెలుచుకుంది. జర్మనీలో 1979 నుంచి ఏటా ఒక ఆటకి ఇస్తున్న బహుమతి అది. ఇంతకంటే భరోసా ఏం కావాలనుకున్నాను. పెట్టె మీద ముగ్గురు లేదా నలుగురు అని స్పష్టంగానే ఉంది. ఐదారుగురు ఆడాలంటే అదనపు పెట్టె విడిగా కొనుక్కోవాలి. అదంతా చదివే కొన్నాను. అత్తయ్య ఎలాగూ ఆడరులే అనుకున్నాను. ఆడతారా అని ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు.

కటాన్‌లో దీవి మీద పండే ఒక్కో నేల ముక్కకి ఒక్కో అంకె ఉంటుంది. రెండు పాచికలు వేసినప్పుడు మొత్తం ఎంత వస్తే ఆ అంకె ఉన్న నేల పండుతుంది. దాని పక్కన ఇల్లున్నవాళ్ళకి గోధుమో, ఇటుకో, గొర్రో ముట్టుతుంది. ఆట మొదట్లో తలో రెండు ఇళ్ళు పెట్టుకోవాలి. మా పాప ఒక ఇంటిని పన్నెండు పక్కనా, ఇంకోదాన్ని సముద్రం ఒడ్డున రెండు అంకె దగ్గరా పెట్టింది. పన్నెండు అన్నిటికంటే పెద్దది కదా అంది. రెండు పాచికల మీద ముప్ఫై ఆరు రకాలుగా అంకెలు పడితే, అందులో పన్నెండు వచ్చేది ఒక్కసారే, రెండు వచ్చేదీ ఒక్కసారే. ఆరూ ఎనిమిదీ అయితే అయిదేసి సార్లు వస్తాయి. అందుకే ఆ రెండు అంకెల్నీ ఎర్రగా అచ్చువేస్తారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, ఆడుతూ నేర్చుకుంటుందిలే అనుకున్నాను. కొత్తవాళ్ళ కోసం ఇళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో ముందే గీసి చూపించిన పటం నిబంధనల పుస్తకంలోనే ఉంది. అలా ఆడితే పసలేకుండా పోతుందని దాన్నీ పక్కన పెట్టింది నేనే.

ఇక ఆ మధ్యాహ్నమంతా పాప పాచికలు వేస్తే పక్కవాళ్ళకి కార్డులొచ్చాయి. తన చేతిలో ఏమీ లేకపోతే బేరమాడటానికీ ఏమీ ఉండదు. కటాన్‌లో రుచంతా ఆ బేరాల్లోనే ఉంది. "నాకెప్పుడొస్తుందమ్మా?" అని అడుగుతూ ఉంది. కొంతసేపటికి అడగడం మానేసింది.

అత్తయ్య స్టూలు తెచ్చుకుని కాసేపు మా పక్కనే కూర్చున్నారు. గొర్రెలిచ్చి ఇటుకలు తీసుకునే బేరాలు వింటున్నారు. "అదేంటమ్మాయ్, వాడికి రెండిచ్చి ఒకటే తీసుకున్నావు?" అని కూడా అడిగారు. నేను నా లెక్కలో మునిగిపోయి జవాబు చెప్పలేదు. "సరే, మీరాడుకోండి" అని లేచి లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నారు. అప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది, మధ్యలో ప్రశ్నలు తప్పాయి కదా అని. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఇది వదిలేస్తే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఓడినవాళ్ళ మొహాలు చూడలేక ఆ తర్వాత పాండెమిక్ తెచ్చాను. మాట్ లీకాక్ చేసిన ఆట, 2008లో వచ్చింది. ఇందులో ఒకరి మీద ఒకరు గెలవడం ఉండదు, అందరూ కలిసి రోగాల మీద పోరాడతారు. గెలిస్తే అందరూ గెలిచినట్టు, ఓడితే అందరూ ఓడినట్టు. ఆలోచన గొప్పది. దాన్ని పాడుచేసింది నేను. పుస్తకం చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఎవరి వంతు వచ్చినా నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఢిల్లీ వెళ్ళండి, ఆ కార్డు వాడికివ్వండి, ఇక్కడ ఆగకండి. చివరికి మావారు కార్డులు బల్ల మీద పెట్టేసి, "నా ఆట కూడా నువ్వే ఆడుతున్నావు, ఇక నేనెందుకు?" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకు ఎక్కువ తగిలింది.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అబ్బాయి ఏమీ తోచడం లేదని గునుస్తుంటే అత్తయ్య సుద్దముక్క తీసుకుని బాల్కనీ గచ్చు మీద పులిజూదం గీశారు. పైన ఒక కొస, అక్కడినుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. పదిహేను చింతపిక్కలు మేకలు. పూలకుండీలోంచి ఏరిన మూడు గులకరాళ్ళు పులులు. పులి మేక మీదినుంచి దూకితే మేక చచ్చినట్టు. మూడు పులులూ కదలలేకుండా మేకలు చుట్టుముడితే మేకలు గెలిచినట్టు. పాత గుళ్ళ మంటపాల్లో రాతి నేల మీద చెక్కిన ఈ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేనూ చూశాను, చూసి దాటిపోయాను.

వాడు పులులు కావాలన్నాడు. అత్తయ్య మేకల్ని ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టారు. మేకలన్నీ గీతల మీదికి వచ్చేదాకా పెట్టిన మేకని కదపకూడదు, కాబట్టి ప్రతి పిక్కా ఆలోచించే పెట్టాలి. వాడు గబగబా రెండు మేకల్ని తిన్నాడు, చాలా సంబరపడ్డాడు. ఆవిడ ఆ రెండింటినీ కావాలనే వదిలేశారని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. పులులు కిందికి దిగాయి, వెనక దారులు మూసుకుపోయాయి. "తిండి చూశావు గానీ చోటు చూసుకోలేదురా నాన్నా" అన్నారు. వాడు మళ్ళీ ఆడదాం నానమ్మా అని పిక్కలు ఏరుతున్నాడు. తెనాలి దగ్గర తన పుట్టినూళ్ళో రామాలయం అరుగు మీద అన్నదమ్ములతో రోజూ ఆడేవాళ్ళమని అప్పుడు చెప్పారు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగని సంగతి అది. వ్యూహం పన్నడం ఆవిడకి నాకంటే బాగా తెలుసు. నేను తెచ్చిన పెట్టెల్లో ఆవిడకి చోటు లేదు, లేదంటే కార్డుల నిండా ఇంగ్లీషు.

ఆ రోజు నుంచి ఆట వెతికే తీరు మార్చుకున్నాను. ఐదుగురం కూర్చోగలగాలి. ఎవరూ మధ్యలో బయటికి పోకూడదు. ఆడుతుండగా చదవాల్సింది ఉండకూడదు, ఉన్నా బొమ్మ చూసి పోల్చుకునేలా ఉండాలి. నా వంతు అయ్యాక మళ్ళీ నా వంతు రావడానికి పాపకి ఆవులింత వచ్చేంత సమయం పట్టకూడదు. ఈ లెక్కలన్నీ వేసుకుని కూడా మొదటి అడుగు తప్పే వేశాను. టికెట్ టు రైడ్ అనే రైళ్ళ ఆటలో ఇండియా పటం ఉందని తెలియగానే ఉబ్బితబ్బిబ్బై తెప్పించాను. తీరా విప్పితే రైలు పెట్టెలూ లేవు, రంగు కార్డులూ లేవు. అది 2011లో విడిగా వచ్చిన పటాల పెట్టె, ఆడాలంటే అసలు ఆట కూడా ఉండాలి. అందులోనూ ఇండియా పటం నలుగురికే. ఆ పెట్టె అలా ఉంచి అసలు ఆట కొన్నాను.

టికెట్ టు రైడ్‌ని ఆలన్ మూన్ 2004లో తెచ్చారు. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. బల్ల మీద ఉత్తర అమెరికా పటం, ఒక్కొక్కరికీ నలభై ఐదు ప్లాస్టిక్ రైలు పెట్టెలు. వంతు వచ్చినప్పుడు చెయ్యగలిగినవి మూడే: రంగు కార్డులు తీసుకోవడం, ఒక దారిని ఆక్రమించడం, ఏ రెండు ఊళ్ళని కలపాలో చెప్పే కొత్త టికెట్లు తీసుకోవడం. ఏదో ఒక్కటే చెయ్యాలి. ఈసారి నేను పుస్తకం చదివి వినిపించలేదు. కార్డులు అందరికీ కనబడేలా పెట్టి అందరం ఒక చుట్టు ఆడి చూశాం, తర్వాత మొదట్నుంచి మొదలుపెట్టాం. ఒకరి వంతులో అడిగితే తప్ప ఇంకొకరు నోరు విప్పకూడదని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం నా కోసమేనని అందరికీ తెలుసు.

టికెట్ మీద ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ చిన్న పటం గీసి ఆ రెండు ఊళ్ళనీ గుర్తుపెట్టి చూపిస్తారు. అత్తయ్య కార్డుని బోర్డు పక్కన పెట్టుకుని చూపుడువేలితో పోల్చుకున్నారు. ఆవిడకి మొదట వచ్చిన టికెట్ డల్లాస్ నుంచి న్యూయార్క్. మా ఆడపడుచు ఉండేది డల్లాస్‌లో. "ఇదా మనమ్మాయి ఊరు? దాని పురిటికి వెళ్ళినప్పుడు చూశానుగా, ఎండ మన గుంటూరు ఎండే" అని తన టికెట్ సగం బయటపెట్టేశారు. అది విని మా అబ్బాయి డల్లాస్ నుంచి లిటిల్ రాక్ వెళ్ళే దారి మీద తన రైళ్ళు పెట్టేశాడు. అక్కడ ఒక్కటే దారి. ఆవిడ ఒక్క మాటా అనకుండా ఉత్తరానికి తిప్పి, ఓక్లహోమా సిటీ, కాన్సస్ సిటీ, సెయింట్ లూయిస్ దాటి, అయిదు పచ్చ కార్డులు పోగయ్యేదాకా ఓపిగ్గా ఆగి, పిట్స్‌బర్గ్ మీదుగా న్యూయార్క్ చేరారు. దారి మూసిన మనవడు ఆ పచ్చ కార్డులు ఎందుకు ఏరుతున్నారో కనిపెట్టలేకపోయాడు.

పాప ఆ రోజు ఒక టికెట్ పూర్తి చెయ్యలేకపోయింది, దాని మార్కులు పోయాయి. అయినా ఆఖరి వంతు దాకా తన రైళ్ళు తను పెట్టుకుంటూనే ఉంది. టికెట్లు విప్పేదాకా ఎవరు గెలిచారో తెలియదు కాబట్టి ఎవరికీ ఆశ చావదు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అలాగని ఇది అందరికీ సమానంగా నచ్చలేదు. అబ్బాయికి కొన్నాళ్ళకే తేలిగ్గా అనిపించింది. వాడికి ఇంకా లోతు కావాలి. వాడి వయసుకి అది న్యాయమే. స్పీల్ డెస్ యారెస్ వాళ్ళు అనుభవమున్న ఆటగాళ్ళ కోసం 2011 నుంచి కెన్నర్‌స్పీల్ పేరుతో విడిగా ఇంకో బహుమతి ఇస్తున్నారు. మొదటిదానికి గుర్తు ఎర్ర పావు, దీనికి నల్లటి పావు. బహుమతి గుర్తు కనబడగానే మురిసిపోకుండా పావు రంగు చూసుకుంటే కొంత తెలుస్తుంది. మిగతాది మన ఇంటిని బట్టే. కటాన్‌ది కూడా ఎర్ర పావే కదా.

మధ్యాహ్నాలు అత్తయ్యా పాపా అజూల్ ఆడుకుంటారు. 2018లో ఎర్ర పావు అందుకున్న ఆట అది, పోర్చుగల్ గోడల మీది రంగు పలకల నమూనా. చదవాల్సింది ఏమీ లేదు, పలకలు చేతికి నిండుగా తగులుతాయి. నేను కావాలని ఓడిపోతే పాప పట్టేసి అలిగేది. నానమ్మ ఒక్కసారి కూడా ఓడిపోయినట్టు నటించరు, అందుకేనేమో పాప ఆవిడ దగ్గర ఓడినా అలగదు.

అబ్బాయి ఇప్పుడు అగ్రికోలా అడుగుతున్నాడు. పొలం, పశువులు, కోతల వేళకి ఇంట్లోవాళ్ళ తిండి, ఇవన్నీ లెక్క చూసుకోవాల్సిన పెద్ద ఆట. మనిషికి అరగంట చొప్పున పడుతుంది. కొంటాను, కానీ అది రాత్రిపూట తండ్రీకొడుకులు ఆడుకోవడానికి, ఆదివారం మధ్యాహ్నానికి కాదు. వాడు ఒప్పుకున్నాడు. దానికంటే ముందు కటాన్‌కి ఐదారుగురు ఆడే అదనపు పెట్టె తేవాలి. ఆ బేరాలు తనకీ ఆడాలని ఉందని అత్తయ్య మొన్న అడిగారు. పన్నెండు పక్కన ఇల్లు పెట్టొద్దని పాప నానమ్మకి ఇప్పటికే చెప్పేసింది.