పూచీకత్తు

మా ఎలమంచిలిలో ఒక ఆడమనిషి నవలలు రాస్తుందంటే ఆవిడకు సమస్త విద్యలూ వచ్చునని లెక్క. రేషను కార్డులో పేరు తప్పు పడినా, పెన్షను ఆగిపోయినా, ఆఖరికి పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు గోడమీదకు వాలినా అర్జీ రాయడానికి మా వరండాలోకే వస్తారు. నేను చదివింది బి.ఏ. మాత్రమేనని ఎంత మొత్తుకున్నా వినరు. "కాగితం రాడం వచ్చు గదమ్మా, అదే సాలు" అంటారు.

అలా ఒకనాడు మాకు కూరలు పోసే మనిషి, గంప దించి, బెండకాయలు తూచి, డబ్బు కొంగున ముడేసుకుని కూడా కదల్లేదు.

"అమ్మగారూ, మాయప్పకి పెరోలు కాగితం రాయాల" అంది.

నాలుగేళ్ళుగా మాకు కూరలు పోస్తోంది గాని, ఆవిడకో అక్క ఉన్నట్టు నాకు తెలీదు. ఆ అక్క రాజమండ్రి ఆడవాళ్ళ జైల్లో ఉందట. యావజ్జీవం. లోపలికెళ్ళి తొమ్మిదేళ్ళు. ఏం చేసిందని నేను అడగలేదు. నవలలు రాసేవాళ్ళకు నాలుక దురద పుట్టే చోటే అది. కానీ తీర్పు చెప్పాల్సినవాళ్ళు చెప్పేశారు. మళ్ళీ మా వరండాలో రెండో విచారణ దేనికి?

పెరోలంటే సినిమాల్లో చూసి, జైలరుగారికి జాలి కలిగితే పంపేస్తారనుకుంటాం. అదేం కాదు. మన రాష్ట్రంలో దానికి 1981 నాటి నిబంధనలున్నాయి. ఇంట్లో చావో, జబ్బో, పెళ్ళో ఉంటే అడుక్కునేది పెరోలు. ఆ రోజులు సాధారణంగా శిక్షలో కలవవు, తర్వాత ఉండి తీర్చుకోవాలి. బుద్ధిగా ఉన్నందుకు ఇచ్చే సెలవు ఫర్లో. ఆ రోజులు శిక్షలో కలుస్తాయి. చెల్లెలికి ఈ తేడా అరగంట చెప్పాను. అంతా విని, "ఏదైతేనేటమ్మా, ఇంటికొత్తాది గదా" అంది. నాకు మాట లేదు.

అసలు చిక్కు అర్జీలో లేదు. అర్జీ పైకి వెళ్ళాక ఊళ్ళో వాకబు చేస్తారు. పోలీసులు వస్తారు, ప్రొబేషన్ ఆఫీసరు వస్తారు. ఈ మనిషి వస్తే ఉండటానికి ఇల్లుందా, చూసేవాళ్ళున్నారా, ఊళ్ళో గొడవలవుతాయా, మళ్ళీ తిరిగి వెళ్తుందని పూచీ ఎవరు? అడగవలసినవే, కాదనను. చచ్చిపోయినవాడి తరపువాళ్ళు కూడా అదే వీధిలో బతకాలి గదా. కానీ ఆలోచించండి. కోర్టు, జైలు, సచివాలయం ఇన్ని గడపలు దాటిన కాగితం చివరికి రావిచెట్టు కింద కూర్చున్న నలుగురి నోటిమాట దగ్గర ఆగుతుంది. ఊళ్ళో నా అన్నవాళ్ళు లేని ఖైదీకి ఆ తలుపు ఉన్నా లేనట్టే.

"పూచీకి మీరు సంతకం ఎడతారా?" అంది ఆఖర్న. అందుకన్నమాట అంతసేపు కూర్చున్నది.

మావారు పేపరు దించకుండానే, "ఆవిడ తిరిగి వెళ్ళకపోతే నిన్ను పట్టుకుపోతారు, ఆలోచించుకో" అన్నారు. నా నవలల్లో పాత్రలే నేను చెప్పిన చోటికి వెళ్ళవు, ముఖం చూడని మనిషికి పూచీ ఏమిటని నాకూ గుబులుగానే ఉంది. అయినా పెట్టాను.

బయట సంతకం పెట్టేవాళ్ళు లేక లోపల ఉండిపోయేవాళ్ళు శిక్ష పడినవాళ్ళే కాదు. బెయిలు వచ్చాక కూడా జామీను దొరక్క ఉండిపోయేవాళ్ళున్నారు. బెయిలిచ్చి వారమైనా ఖైదీ బయటపడకపోతే జైలువారు న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. ఆ ఏడాదే కేంద్రం బీద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. బెయిలు డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్షఖైదీకి 25,000 దాకా ఇస్తామని అప్పుడు చెప్పారు. సంతోషమే. అయితే డబ్బుకు పథకం ఉంటుంది గాని, ఈ మనిషి మా మనిషి అనడానికి ఏ పథకం పెడతారు?

అన్నట్టు, జైళ్ళను చూసే కళ్ళకేం తక్కువ లేదు. జిల్లా జడ్జీలు, కలెక్టర్లు, అనధికార సందర్శకులు, అందరూ వెళ్ళి చూడాలి. చుట్టాలొస్తున్నారంటే మన ఇల్లు ఎలా సర్దుకుంటుందో మనకు తెలీదా! అందుకే నాకు తీహార్ జైలు నుంచి వెళ్ళిన ఉత్తరం సంగతంటే గౌరవం. మరణశిక్ష పడిన సునీల్ బాత్రా అనే ఖైదీ, తన బాధ కాదు, పక్కవాణ్ణి వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషనుగా తీసుకుని 1979 డిసెంబరులో తీర్పిచ్చారు. జైళ్ళలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని, జిల్లా జడ్జీలు వెళ్ళి చూస్తుండాలని అందులోనే చెప్పారు. పెట్టె సరే, అందులో వేయడానికి అక్షరం రావాలి గదా. మా కూరలావిడ అక్కకు వేలిముద్రే.

ఆ అక్కకో కూతురుంది. మూడేళ్ళప్పుడు తల్లితోపాటే లోపలికి వెళ్ళింది. ఖైదీల పిల్లల గురించి సుప్రీంకోర్టు 2006లో తీర్పిచ్చింది. ఆ కేసు పేరులో మన రాష్ట్రమే ఉంది: ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. తల్లి దగ్గర పిల్లలు ఆరేళ్ళ దాకా ఉండొచ్చు, వాళ్ళను ఖైదీల్లా చూడకూడదు, పుట్టిన కాగితంలో జైలు పేరు రాయకూడదు అన్నారు. మంచి తీర్పు. కానీ ఆరో ఏడు నిండాక? చెల్లెలు వెళ్ళి తెచ్చుకుంది. పిన్నిని 'అమ్మా' అనడం ఎవరూ నేర్పలేదట, దానంతటదే వచ్చేసింది.

కాగితం కదలడానికి నెలలు పట్టింది గాని, మొత్తానికి పెరోలు వచ్చింది. నాకు దండం పెట్టుకోవాలని అక్కను తీసుకొచ్చింది. నేను ఊహించుకున్న మనిషి కాదు. బక్కగా, చీర కుచ్చిళ్ళు పొందిగ్గా, మా సందులో అంగన్‌వాడీ ఆయాలా ఉంది. గేటు తీసే ఉంది. అయినా బయటే నిలబడి, రమ్మన్నాకే వచ్చింది. కాఫీ ఇస్తే గ్లాసు తనే కడిగి బోర్లించింది.

"సందేళ ఆరయితే సాలు, లోపలికెల్లి గోడకి జేరపడిపోతాది" అని చెల్లెలు నా చెవిలో చెప్పింది. "లైటు తీసేత్తే నిద్రోదమ్మా."

పిల్ల మాత్రం ఇద్దరి మధ్యా నిలబడి ఒక చిత్రమైన పని చేసింది. అవసరమైనప్పుడల్లా పిలవకుండా వెళ్ళి చెయ్యి తట్టేది. 'అమ్మా' అంటే ఇద్దరూ తిరిగి చూస్తారు మరి. ఒకసారి పొరపాటున అననే అంది. చెల్లెలు చప్పున తల దించుకుని గంపలో వంకాయలు ఏరడం మొదలెట్టింది. అక్క "ఏటమ్మా" అంది. పిల్లకి మంచినీళ్ళు కావాలట, అంతే.

ఆ సెలవు రోజుల్లో చెప్పిన వేళకు స్టేషనుకెళ్ళి కనిపించింది. ఒకరోజు ముందుగానే బయల్దేరింది. రైలు తుని దగ్గర ఆగిపోతే ఎలాగని భయమట. మావారు పేపరు దించి, "పూచీకత్తు నీకు గాని ఆవిడకు కాదన్నమాట" అన్నారు.

2020 నవంబరులో మన ప్రభుత్వం యావజ్జీవం పడిన ఆడఖైదీలను 50 మందికి పైగా విడుదల చేసింది. శిక్షలో అయిదేళ్ళు పూర్తయినవాళ్ళకే అది. మిగిలిన శిక్షాకాలం పొడుగునా మూడు నెలలకోసారి పోలీస్‌స్టేషన్‌లో కనిపించాలని షరతు. ఈవిడకు అప్పటికి నాలుగేళ్ళే. "ఒక్క యేడు ముందల ఎల్లుంటే వచ్చీసేది" అంది చెల్లెలు. ముందు జైలుకెళ్ళలేదని బాధపడే మనుషులుంటారని నేనే కథలోనూ రాయలేదు.

మొన్న ఆదివారం మళ్ళీ వచ్చారు, ఈసారి ఫర్లో కోసం. పిల్ల ఏడో తరగతి. "నేను రాస్తానండీ" అని కలం తీసుకుంది. పిన్ని చెబుతోంది, పిల్ల రాస్తోంది. అర్జీ పిన్ని పేరుమీద గనక, 'మా అక్క' అని రాయాల్సివచ్చిన చోట కలం ఆగింది. నా వంక చూసింది. అలాగే రాయమన్నాను. గుండ్రని అక్షరాలతో రాసి, అడుగున పిన్ని చేత వేలిముద్ర వేయించింది.

కాగితం నా బల్లమీదే ఉంది. రేపు కోర్టు దగ్గర రెండు జెరాక్సులు తీయించాలి. ఈసారి పూచీకి మావారు కూడా సంతకం పెడతానన్నారు, ఆయన కళ్ళజోడు దొరికితే.