ఒక్కసారే అడగండి

పిల్లల డాక్టరు దగ్గరికి లైంగిక వేధింపు ఆ పేరుతో రాదు. కడుపునొప్పి పేరుతో వస్తుంది, తలనొప్పి పేరుతో వస్తుంది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం పెద్ద క్లాసుకు వచ్చాక మళ్లీ మొదలైందంటూ వస్తుంది. మగపిల్లలూ వస్తారు. వాళ్లు నోరు విప్పడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

గుర్తుపట్టే వీల్లేకుండా వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి పాప. స్కానింగులో ఏమీ లేదు, మూత్రపరీక్షలో ఏమీ లేదు. నొప్పి మాత్రం బడి ఉన్న రోజుల్లోనే, అదీ పొద్దున్నే. తల్లిని కాసేపు బయట కూర్చోమని, నర్సును తోడుంచుకుని, "బడిలో నీకు కష్టంగా ఉండే పీరియడ్ ఏదమ్మా?" అని అడిగాను. పాప చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, "అందరికీ చెప్పాను కదా సార్, మళ్లీ చెప్పాలా?" అంది.

ముందు క్లాస్ టీచర్ అడిగారట. తర్వాత హెడ్మాస్టర్, ఆ తర్వాత కరస్పాండెంట్. నాలుగోసారి, పాప ఎవరి గురించి చెప్పిందో ఆ మాస్టారినే పక్కన నిలబెట్టి అడిగారు. అప్పుడు పాప "ఏమో, గుర్తులేదు" అంది. ఆ ఒక్క మాటే రాసుకుని, ఫిర్యాదు అబద్ధమని తేల్చేశారు.

భయపడిన బిడ్డ మాట మార్చడం అబద్ధానికి రుజువు కాదు. ఒకటే ప్రశ్న పెద్దవాళ్లు మళ్లీమళ్లీ వేస్తుంటే, మొదట చెప్పింది తప్పేమోనని పిల్లలు అనుకుంటారు, ఎదుటివాళ్లకు నచ్చే జవాబు వెతుక్కుంటారు. "అక్కడ ముట్టుకున్నాడా?" అని నోటికి అందించి అడిగితే, జరగనిదానికీ తల ఊపవచ్చు. అందుకే నలుగురూ నాలుగు రకాలుగా అడగడం వల్ల నష్టం పిల్లకే కాదు, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికీ.

అలాంటి ఒక మాస్టారినీ చూశాను. నిద్ర పట్టడం లేదు, గుండె దడ అంటూ వచ్చారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆయన మీద ఏదో మాట పుట్టింది. బడివాళ్లు ఎవరి వాంగ్మూలమూ తీసుకోలేదు, పోలీసులకు చెప్పలేదు, రాత్రికి రాత్రే పనిలోంచి తీసేశారు. ఆయన తప్పు చేశారో లేదో నాకు తెలియదు. చేయకపోతే నిందతోనే బతకాలి, చేసి ఉంటే మరో ఊళ్లో మరో బడిలో చేరిపోవచ్చు. గుట్టుగా పంపేయడం రెండు విధాలా అన్యాయమే.

18 ఏళ్లలోపు పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. బడివాళ్లకూ, నాలాంటి డాక్టర్లకూ ఇది వర్తిస్తుంది. తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికి ఏడాది వరకూ జైలు, జరిమానా ఉన్నాయి. నేను చెప్పక తప్పదంటే ఆ పాప తల్లి "పరువు పోతుంది డాక్టర్‌గారూ" అని ఏడ్చింది. పాపను స్టేషన్‌కు తీసుకెళ్లక్కర్లేదని, ఇంట్లోనే, వీలైనంత వరకూ మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకుంటారని, పేరు బయటికి రాకూడదని చట్టమే చెబుతోందని వివరించాక కాస్త కుదుటపడింది.

బడి చేయాల్సింది పెద్ద విచారణేమీ కాదు. పిల్లలకు చనువున్న ఒక టీచర్ ఒక్కసారి వినాలి. "ఏం జరిగింది, చెప్పమ్మా" అని మాత్రమే అడిగి, బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసి, తేదీ వేయాలి. ఆ రోజే పోలీసులకు తెలియజేయాలి. 1098కు ఫోన్ చేస్తే సాయం అందుతుంది. నిజం తేలేదాకా ఆరోపణ ఎదుర్కొంటున్న ఉద్యోగిని పిల్లలకు దూరంగా ఉంచాలి, కానీ దోషి అని ముద్ర వేయకూడదు, జీతం ఆపకూడదు. పిల్లకు టీసీ ఇవ్వకూడదు, సెక్షన్ మార్చకూడదు. ఇద్దరి పేర్లూ హెడ్మాస్టర్ గది దాటకూడదు.

నిజం తేల్చాల్సింది పోలీసులు, కోర్టు. బిడ్డ మాట చెడకుండా అక్కడిదాకా చేర్చడం బడి బాధ్యత. జూన్‌లో బళ్లు తెరిచినప్పుడే ఆ వినే టీచర్ ఎవరో నిర్ణయించి, శిక్షణ ఇప్పించి, తల్లిదండ్రుల సమావేశంలో ఆ పేరు అందరికీ చెప్పండి. ఫిర్యాదు వచ్చాక వెతుక్కోవడం మొదలుపెడితే, ఆ హడావుడిలో బిడ్డను మళ్లీ నలుగురూ అడుగుతారు.