కాలవ మీద కాలిబాట

మా బెజవాడలో కాలవలకు కొదవ లేదు. ప్రకాశం బారేజీ దగ్గర బయలుదేరిన కృష్ణ నీరు బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ అని మూడు దారులుగా ఊరి మధ్య నుంచి పోతుంది. పొలాలకు నీళ్లు పోవలసిందే, దానికి మాకేమీ ఆక్షేపణ లేదు. చిక్కల్లా గట్ల మీద కాపురమున్న మనుషులకే.

మా గట్టున నడకబాట ఒకటి ఉంది. అవతలి గట్టున మరొకటి, దాని పక్కనే పిల్లల బడి. మా మేడ మీద నిలబడితే బడిగంట వినిపిస్తుంది. బడికి వెళ్లాలంటే మాత్రం కిలోమీటరు నడిచి, లారీలూ బస్సులూ ఒరుసుకునే పెద్ద వంతెన దాటి, మళ్లీ కిలోమీటరు వెనక్కి రావాలి. ఆ వంతెన పక్కన కాలిబాట ఉన్నదంటే ఉన్నది. దాని మీద కొబ్బరిబోండాల బండీ, నాలుగు మోటారుసైకిళ్లూ ఎప్పుడూ కొలువుతీరి ఉంటాయి.

నిరుడు అక్కడే మా ఎదురింటి ఎనిమిదేళ్ల పిల్లను స్కూటరు గుద్దింది. చెయ్యి విరిగింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. ఆ సాయంకాలం వీధిలో పదిమందీ చేరి, రెండు బాటలనూ కలుపుతూ చిన్న కాలివంతెన కావాలని తేల్చారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అర్జీ రాసే పని నాకు ఒప్పజెప్పారు.

మొదటి కచేరీలో, "వంతెన మా పనేనమ్మా, కాలవ మాత్రం మాది కాదు" అన్నారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు చెప్పిన 18 పనుల్లో రోడ్లూ వంతెనలూ ఉన్నాయని మావారు చదివి వినిపించారు. ఆయన నవ్వి, నీటిపారుదల వారి అనుమతి తెమ్మన్నారు. అక్కడివారు చెప్పింది న్యాయంగానే ఉంది. నీళ్లలో స్తంభం ఉంటే ప్రవాహానికి అడ్డు, వంతెన పల్లంగా ఉంటే పూడిక తీసే యంత్రం కిందనుంచి పోదు. పునాదులు వేయాలన్నా వేసవిలో కాలవ కట్టేసినప్పుడే.

ఇక డబ్బు మాట. పార్లమెంటు సభ్యుడికి నియోజకవర్గంలో పనుల కోసం ఏడాదికి 5 కోట్లు కేటాయిస్తారు. ఆయన సిఫారసు చేస్తే జిల్లా అధికారులు మంజూరు చేస్తారు. మా లోక్‌సభ స్థానంలో అసెంబ్లీ నియోజకవర్గాలు ఏడు. ఒక్కొక్కదానిలో మాలాంటి వీధులెన్నో, అర్జీలెన్నో మీరే ఊహించుకోండి.

"అసలు ఎంతమంది దాటుతారు?" అని ఒక ఇంజనీరుగారు అడిగారు. అడగవలసిన మాటే. పక్కింటి పిన్నిగారూ నేనూ మూడు రోజులు పొద్దున్నే వంతెన దగ్గర ముక్కాలిపీటలు వేసుకుని కూర్చున్నాం. పూలమ్మే ఆమె, పాచిపనికి పోయే ఆడవాళ్లు, కర్ర పట్టుకున్న తాతగార్లు, సంచులు మోసే పిల్లలు... మనిషికో గీత. నోటుపుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి.

ఇంజనీరుగారు పుస్తకం తిరగేసి, "బళ్ల లెక్కలే గాని నడిచేవాళ్ల లెక్క మా దగ్గరికి రాలేదమ్మా" అన్నారు. బళ్లను కాదు, మనుషులను చేరవేయడమే ముఖ్యమని 2006లో కేంద్రం ప్రకటించిన పట్టణ రవాణా విధానమే చెప్పింది గదా అన్నాను.

మా పెద్దవాడు కూపర్టినోలో ఉంటాడు. అక్కడ 280 నంబరు ఫ్రీవే మీద 2009లో నడిచేవారికీ సైకిళ్లకూ మాత్రమే తీగల వంతెన ఒకటి తెరిచారు. సుమారు 500 అడుగుల పొడవు, ఖర్చు కోటిన్నర డాలర్లకు దగ్గర. కార్లకు పుట్టిల్లయిన దేశంలోనే కాలికి అంత మర్యాద చేశారు. మేమడిగేది అందులో వీసమెత్తు.

వేసవి దాటితే మరో ఏడాది ఆగాలి. అందుకే సోమవారం మళ్లీ వెళుతున్నాం. ఈసారి నోటుపుస్తకంతోపాటు బడి హెడ్‌మాస్టరుగారూ వస్తానన్నారు.