ఆ గడ్డ పేరేంటి?

‘‘చిన్నోడికి దవడ వాచింది నాన్నా. నొప్పి లేదంటున్నాడు’’... ద్రాక్షారామం నుంచి అమ్మ ఫోన్. హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి అట్నుంచటే బస్సెక్కేశా.

తమ్ముడికి 19 ఏళ్లు. రామచంద్రపురంలో ఎక్స్‌రే తీయిస్తే, బయటికి రాని జ్ఞానదంతం చుట్టూ నల్లటి ఖాళీ కనిపించింది. ‘‘నీటితిత్తిలా ఉందండి. తీసి పరీక్షకి పంపితేగానీ పేరు చెప్పలేం’’ అన్నారు డాక్టరు గారు.

తీశారు. రిపోర్టులో ‘యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా’ అని ఉంది. ట్యూమర్ అనగానే అమ్మ భీమేశ్వరుడికి మొక్కేసుకుంది. నేను గూగుల్ తెరిచా. సగం దవడ తీసేసిన ఫొటోలు చూసి ఆ రాత్రి నిద్రపోలేదు.

తర్వాత నెమ్మదిగా అర్థం చేసుకున్నా. పళ్లు తయారుచేసే కణాలు కొన్ని, పని అయిపోయాక కూడా దవడలో మిగిలిపోతాయి. ఎప్పుడో అరుదుగా అవి పెరిగి గడ్డ కడతాయి. ఏ కణజాలం నుంచి పుట్టింది, ఎలా పెరుగుతుంది అన్నదాన్నిబట్టి వీటికి పేర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1971 నుంచి ఆ జాబితాను సవరిస్తూనే ఉంది. ఒక రకం తిత్తిని 2005లో ట్యూమర్లలో చేర్చి, 2017లో మళ్లీ తిత్తుల్లోకి పంపేశారు!

మేం కోడ్‌లో పేర్లు మార్చినట్టే అనుకున్నా. కానీ ఇక్కడ పేరునిబట్టే ఎంత ఎముక కోయాలో తేలుతుంది. ‘‘ట్యూమర్ కణాలు తిత్తి లోపలి పొరలోనే ఉంటే, కనిపెట్టుకుని ఉంటే చాలు. గోడలోకి దిగితే ఎముక కొంత తీయాల్సి రావచ్చు’’ అన్నారు సర్జన్. మా రిపోర్టులో ఆ ఒక్క ముక్కే లేదు.

మా భీమేశ్వర లింగాన్ని కింద నుంచీ చూడాలి, మేడెక్కీ చూడాలి. ఇదీ అంతే, ఒక్క ముక్క చూసి చెప్పేస్తే ఎలా? స్లైడ్లు, మైనం దిమ్మలు అడిగి తీసుకుని, ఇంకో ఊళ్లో డెంటల్ కాలేజీకి పట్టుకెళ్లా. తిత్తిని చాలాచోట్ల కోసి చూశారు. నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది. గోడలోకి దిగలేదు.

తమ్ముడి దవడ దక్కింది. కానీ ఇది ఏళ్ల తర్వాతైనా తిరిగి రావచ్చట. అందుకే ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే. ‘‘నాకూ రెగ్యులర్ అప్‌డేట్లు అన్నయ్యా’’ అని నవ్వుతాడు వాడు.

నొప్పి లేదు కదా అని వాపుని వదిలేయకండి. రిపోర్టు చేతికొస్తే పేరొక్కటే చదివి భయపడకండి. ‘ఏ రకం? ఎక్కడిదాకా పాకింది?’ అని అడగండి.