నాన్నగారి రూటరు

మా హాల్లో టీవీ పక్కన రెండు కొమ్ముల తెల్ల రూటరు ఒకటి ఉండేది. 2013లో మా నాన్నగారు పింఛను డబ్బుతో కొన్నారు. చెల్లెలు అప్పుడు సింగపూరులో ఉండేది. మనవరాలి మొహం రోజూ చూడాలని ఆయన ఆశ. వైఫై పాస్‌వర్డును ఓ కాగితం ముక్క మీద రాసి, రూటరు అడుగున అంటించారు. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా అడిగితే నోటితో చెప్పేవారు కాదు. రూటరును తిరగేసి, ఆ గుండ్రటి చేతిరాతను గర్వంగా చూపించేవారు. 2019లో నాన్నగారు వెళ్లిపోయారు. కాగితం మాత్రం అలాగే ఉంది.

కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చిన మా అబ్బాయి, "నాన్నా, దీనికి కొత్త సాఫ్ట్‌వేరు రావడం ఆగిపోయి ఏళ్లయింది. తీసేద్దాం" అన్నాడు.

"బాగానే పనిచేస్తోందిగా?" అన్నాన్నేను.

"పనిచేయడం వేరు, భద్రంగా ఉండడం వేరు."

వాడు చెప్పింది నిజమే. రూటరంటే లైట్లు వెలిగే డబ్బా కాదు, అదీ ఓ చిన్న కంప్యూటరే. 2017 అక్టోబరులో వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 పద్ధతిలోనే లోపం ఉందని బయటపడింది. అలాంటి కన్నాలు పూడాలంటే సాఫ్ట్‌వేరు మారాలి. తయారీదారు మానేస్తే ఇంకెవరు మారుస్తారు?

మార్చేవాళ్లున్నారట! లింక్‌సిస్ కంపెనీ 2002 చివర్లో తెచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటరులో నడిచేది లైనక్స్ అని కొందరు కనిపెట్టారు. లైనక్స్‌ను తమ సరుకులో పెట్టి అమ్మేవాళ్లు ఆ కోడును కొన్నవాళ్లకీ ఇవ్వాలన్నది దాని లైసెన్సు నియమం. 2003లో కంపెనీ ఇవ్వక తప్పలేదు. మరుసటేడే దాని ఆధారంగా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఇప్పుడది ఎన్నో కంపెనీల రూటర్లకు ఉచితంగా దొరుకుతుంది.

పండగ వెళ్లాక అబ్బాయి ఊరెళ్లిపోయాడు. రూటరును నేనే బాగుచేస్తానని కూర్చున్నాను. తీరా చూస్తే ఇది పెళ్లి సంబంధం కుదర్చడంలాంటి వ్యవహారం. పేర్లు కలిస్తే చాలదు, నక్షత్రమూ పాదమూ కూడా కలవాలి. ఒకే మోడల్ పేరుతో కంపెనీలు ఏళ్ల తరబడి అమ్ముతాయి, లోపలి భాగాలు మారిపోతుంటాయి. ఆ డబ్ల్యూఆర్‌టీ54జీనే చూడండి. 2005లో వచ్చిన అయిదో వెర్షన్‌లో ఫ్లాష్ మెమరీని 4 ఎంబీ నుంచి 2కి, ర్యామ్‌ను 16 నుంచి 8కి తగ్గించేశారు. పైకి అదే నీలం డబ్బా, లోపల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టే చోటే లేదు!

అందుకే ముందుగా వెర్షన్ నంబరు తెలియాలి. అది రూటరు అడుగున లేబుల్ మీద ఉంటుంది. మా రూటరుకి ఆ లేబుల్ మీదే నాన్నగారి కాగితం ఉంది.

పీకడానికి మనసొప్పలేదు. అటక మీద నుంచి అట్టపెట్టె దింపి, దాని మీదున్న వెర్షన్‌కి సరిపోయే ఫైలు దించుకున్నాను. మొదటిసారి మార్చేవాళ్లకి ఒక ఫైలు, అంతకుముందే మార్చుకున్నవాళ్లకి మరో ఫైలు ఉంటాయి. మొదటి రకమే తీసుకున్నాను. వైఫై మీద ఆధారపడకుండా వైరు కలిపాను. మధ్యలో కరెంటు పోతే రూటరు ఇటుకరాయి అయిపోతుందని ఇన్వర్టరుకి తగిలించాను. అన్నీ చేసి బటన్ నొక్కితే, ఈ ఫైలు నాది కాదని రూటరు తిప్పికొట్టింది. రెండోసారీ అదే మాట.

బలవంతంగా ఎక్కించే దారులేమన్నా ఉన్నాయా అని వెతుకుతుంటే, మా ఆవిడ కాఫీ తెచ్చి పెట్టి, "ఏమండీ, మొదటిది పిడుగు పడి పోయింది కదా. మామయ్యగారు కొట్టుకి తీసుకెళ్లి మార్పించుకొచ్చారు. ఆ పెట్టె పాతదానిది" అంది.

నా చేయి ఆగిపోయింది. రూటరు వద్దనబట్టి సరిపోయింది. మొండిగా ఎక్కించి ఉంటే నాన్నగారి జ్ఞాపకాన్ని నా చేతులతోనే ఇటుకరాయిని చేసేవాణ్ణి.

ఇక తప్పలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి తగలనిచ్చి, మా ఆవిడ గోటి చివరతో ఆ కాగితాన్ని మెల్లగా ఊడదీసింది. ఎక్కడా చిరగలేదు. దాని కింద అసలు వెర్షన్ కనిపించింది. దానికి తగ్గ ఫైలు తెచ్చి ఎక్కించాను. లైట్లన్నీ ఆరిపోయాయి. ఆ మూడు నిమిషాలూ ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత ఒక్కొక్కటే వెలిగాయి.

సంబరంగా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు అంతా విని, "మెమరీ ఎంత నాన్నా?" అన్నాడు. ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ. "అయితే నువ్వెక్కించింది 19.07 అయి ఉంటుంది" అన్నాడు. నిజమే. 2020 జనవరిలో వచ్చిన ఆ విడుదలే ఇలాంటి చిన్న రూటర్లకు అధికారికంగా ఆఖరిది. దాని నిర్వహణ కూడా 2022లోనే ముగిసింది. ఆ తర్వాతి వాటికి ఫ్లాష్ 8, ర్యామ్ 64 అయినా ఉండాలి.

సరిపోయే సాఫ్ట్‌వేరు దొరికిందనుకున్నానేగానీ, సరిపోయినంత మాత్రాన ఇంటికి కాపలా కాస్తుందని కాదని అప్పుడు తెలిసింది. పెద్దాయన్ని వీధి గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబెడతామా? వసారాలో మడతకుర్చీ వేసి కూర్చోబెడతాం.

అదే చేశాను. గుమ్మం దగ్గరకి కొత్త రూటరు కొన్నాను. ఈసారి కొట్లోనే డబ్బా విప్పించి, అడుగున లేబుల్ చదివి, వెర్షన్ రాసుకుని మరీ తెచ్చాను. పాతదాని వైఫై ఆపేసి వెనక గదికి మార్చాను. ఇప్పుడది కొత్త రూటరు నుంచి వచ్చే ఒక్క వైరును నా కంప్యూటరుకీ ప్రింటరుకీ పంచుతూ కూర్చుంటుంది.

కొత్త రూటరుకి వైఫై పేరూ, పాస్‌వర్డూ పాతవే పెట్టాను. అవి రెండూ మారకపోతే ఇంట్లో ఫోన్లన్నీ వాటంతటవే కలిసిపోతాయి. అలాగే కలిసిపోయాయి, ఏ ఫోనూ ఏమీ అడగలేదు.

నాన్నగారి కాగితాన్ని కొత్త రూటరుకే అంటించాను. అడుగున కాదు, లేబుల్‌కి అడ్డం రాకుండా పక్కన.