పక్షములు మాఱినను కాటా మాఱదు

విజయనగరమున నేను ఆంగ్లదేశచరిత్రము బోధించునప్పుడు, కన్సర్వేటివులును లేబరువారును ఒండొరులను గద్దె దింపు కథను పిల్లలు వీథినాటకమువలె విందురు. మొన్న నొక గోగునార రైతు కొడుకు, "అయ్యా, అక్కడ వారు మాఱినప్పుడు మా తాతలకేమి మాఱినది?" అని యడిగెను. ఇది చిన్న ప్రశ్న కాదు.

1927లో కన్సర్వేటివుల యేలుబడిలో రూపాయి వెల 18 పెన్నీలని శాసించిరి. 16 చాలునని మనవారు మొఱపెట్టిరి. రూపాయి బరువెక్కినకొలది విదేశమునకు పోవు పంటపై రైతుచేతికి వచ్చు రూపాయలు తగ్గును గదా! 1929లో లేబరువారు వచ్చిరి, 18 పెన్నీలే. 1931లో పలుపక్షముల కలగూరగంప మంత్రివర్గము వచ్చి, తమ పౌనునకు బంగారుసంకెల విప్పుకొనెను. మన రూపాయిని మాత్రము ఆ పౌనునకే, ఆ 18 పెన్నీలకే కట్టివేసెను. నాడు ధాన్యము ధర కూలినను శిస్తు రూపాయలలోనే కట్టవలసి యుండెను. 1945లో మరల లేబరు, మరల 18.

ఏ రాయియైననేమి పండ్లూడగొట్టుకొనుటకని పెద్దలందురు. కాని యా రాళ్లను మన తాతలు ఏరుకొనలేదు. నేడు మనమే యేరుకొనుచున్నాము. కావున చదువరులారా, ఓటడుగ వచ్చినవాని జెండారంగు చూచి మురియక, "నీవు మాకాటాలో నేమి మార్తువు?" అని యడుగుడు.