కంప్యూటర్ పని, కాగితం పని



పదవ తరగతి అయినాక ఏం చేస్తావురా అంటే నేను సాఫ్ట్‌వేరు అన్నాను. రూములో అందరూ నవ్వినారు. మన గోడపత్రికలో ప్రతిసారీ పోలీసు, టీచరు, నర్సు, మిలిటరీ ఇవే ఉంటాయి కదా. మా నాయనకైతే కానిస్టేబులే ఉద్యోగం. "నేను ఎండలో శనగ పెరికింది చాలు, నువ్వు యూనిఫారం వేసుకో" అంటాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. అందుకే నా లెక్క ఏందో ఇక్కడ రాస్తున్నాను.

మా తండాలో మా నాయన, చిన్నాయన కలిసి వేయించిన బోరు కలదు. చేను ఇంటికి రెండు కిలోమీటర్లు. కరెంటు వేళ మారినప్పుడల్లా చీకట్లో, పురుగూ పుట్రా ఉన్నా, పోవాల్సి వచ్చేది. పోయిన ఏడాది సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టరు పెట్టించినారు. దాంట్లో సిమ్ము ఉంటుంది. ఇంటి నుంచి ఫోన్ చేసి 1 నొక్కితే మోటారు ఆడుతుంది, 2 నొక్కితే ఆగుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే తనంతట తానే ఆపేస్తుంది. లేకుంటే మోటారు కాలిపోవును. అయితే పెట్టెతో వచ్చిన పుస్తకమంతా ఇంగ్లీషు. దసరా సెలవుల్లో డిక్షనరీ పెట్టుకొని చదివి, ఒక్క పేజీలో తెలుగులో రాసినా. మా చిన్నాయన చదివింది నాలుగో తరగతి. ఆయన చేతికిచ్చి, నేను నోరు మూసుకొని పక్కన కూర్చున్నా. "అలర్ట్" అన్నచోట ఆగినాడు. దాని బదులు "పెట్టె నుంచి ఫోను వస్తే" అని రాసినా. మూడోసారికి ఎవరినీ అడక్కుండా మోటారు వేసినాడు. పక్క చేను వాళ్ళు ఆ కాగితం జిరాక్సు తీసుకొని పోయినారు!

ఈ సంగతి చెప్తే కంప్యూటర్ సారు ఒక మాటన్నారు. ఫేజు పోతే ఆపమని పెట్టె లోపల ప్రోగ్రాం రాసినవాడు ఒకడు, బయట పుస్తకం రాసినవాడు ఇంకొకడు, ఇద్దరికీ జీతం వస్తుంది, రెండో పనిని టెక్నికల్ రైటింగు అంటారు అని. విడమరిచి రాసేదానికి జీతమా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండు పనులూ ఒక్కరే చేసినవారు కూడా కలరు. గ్రేస్ హాపర్ అనే ఆమె అమెరికా నావికాదళం తరఫున 1944లో హార్వర్డులో మార్క్-1 అనే యంత్రం దగ్గర చేరినారు. దానికి ప్రోగ్రాములు రాస్తూనే, దాన్ని నడిపే విధానం మీద 500 పేజీలు దాటిన పుస్తకం రాసినారు. అది 1946లో అచ్చయింది. 1952లో ఆమె కంపైలరు తయారు చేసినారు. మనుషులకు విడమరిచి రాసిన చెయ్యి కాబట్టే ఆ ఆలోచన వచ్చిందని నా ఊహ. మన తెలుగులో చూస్తే, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారు సాఫ్ట్‌వేరు ఇంజనీరే. వేరే వేరే ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడులోకి మార్చే "పద్మ" కూడా ఆయన చేసిందే.

మనకు ఇంగ్లీషు ఏడొస్తాదిలే అని కొందరంటారు. నేను మా యాడితో మాట్లాడేది లంబాడీ, బడిలో తెలుగు, కంప్యూటరు గదిలో ఇంగ్లీషు. ఎరుకల మిత్రులకూ అంతే. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పుకోవడం మనకు రోజూ ఉన్నదే. అయినా ఆ ఉద్యోగంలో ఎక్కువ రాసేది ఇంగ్లీషులోనే కాబట్టి నేను రోజుకొక పేజీ చదువుతున్నా.

దారులు రెండు కనుక్కున్నా. ఒకటి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ. 2008లో పెట్టినారు. పదవ తరగతి మార్కుల మీద సీటు, ఆరేండ్ల చదువు. మన కోయిలకుంట్లకు 2016లో వచ్చిన రైలు ఎర్రగుంట్ల దాకా పోతుంది, అక్కడి నుంచి బస్సు. రెండోది పాలిసెట్ రాసి మూడేండ్ల కంప్యూటర్ డిప్లమా.

సంక్రాంతికి ఇంట్లో చెప్పినా. మా నాయన కోప్పడలేదు. "ఆరేండ్లు ఇల్లు ఎట్ల నడిచేది?" అని ఒకటే అడిగినాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం ఆయన హాస్టలుకు వస్తున్నాడు. వార్డెన్ సారు ఆ రోజు ఒక పది నిమిషాలు ఆయనతో మాట్లాడవలెనని కోరుచున్నాను.

ఇంకొకటి. ఆరో తరగతి తమ్ముళ్ళ కోసం కంప్యూటరు వేసేది, ఆపేది ఒక కాగితం రాస్తున్నా. ముందుగా చదివి చూసేదానికి ఇద్దరు కావాలి. కంప్యూటరు వచ్చినవాళ్ళు మాత్రం వద్దు.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థి